ఒడి నుంచి ఒడికి

జహీరాబాద్,
14 జూన్ 1982

యేసు మరియమ్మ జోజప్పల తోడు.

చెల్లె మనోరమకు అక్క శరణమ్మ రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ నర్సప్ప లారీ తీసుకుని షోలాపూర్ పోయి నిన్న తిరిగి వచ్చాడు. సిసిలి పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెడుతోంది. మొన్న పచ్చి అల్లం ముక్క కొరికి, అది నేనే పెట్టినట్టు నా మీద అలిగింది.

నీకు సంతోషం కలిగే మాట చెబుతాను. మన గుడికి బెంచీలు వచ్చాయి! సికింద్రాబాదులో ఏదో గుడివాళ్లు కొత్తవి చేయించుకుని పాతవి మనకు పంపారు. మీ బావ లారీలోనే వచ్చాయి. పాస్కా పండుగనాడు సభలో నువ్వు మాట్లాడిన మాట ఇంకా అందరి నోళ్లలో ఉంది. “మొగుడంపల్లిలో పటేలు ఎదురైతే మా తాత మంచం దిగి నేలమీద కూర్చునేవాడు. దేవుడి ఇంట్లో కూడా మేము నేలమీదేనా?” అని అడిగావు కదా. మొన్న పూజ అయ్యాక కొత్త ఫాదర్ నీ పేరు చెప్పి మెచ్చుకున్నారు. పీటర్ మామ మీసం దువ్వుకుంటూ “నా మేనకోడలు. నేను నేర్పిన నోరే గది” అన్నాడు. మన గుడికి ఉపదేశి కదా, ఎవరు బాగా మాట్లాడినా తనే నేర్పాననుకుంటాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. చాపల మీద కూర్చున్నప్పుడు ఎట్లా జరిగేదో నీకు తెలుసు. పిల్ల ఏడిస్తే తల్లి లేచేది కాదు, వెనకనున్నామె ఒడిలో పెట్టేది. ఆమె తన వెనకామెకు అందించేది. అట్లా ఒడి నుంచి ఒడికి పోయి పిల్ల తలుపు దగ్గరున్న గంగమ్మవ్వకు చేరేది. అవ్వ కొంగున కట్టుకున్న బెల్లం వేలికి రాసి నాకించేది. ఏడుపు ఆగాక పిల్ల వచ్చిన దారినే మళ్లీ తల్లికి చేరేది. పూజ ఆగేది కాదు, తల్లి జపమూ ఆగేది కాదు. ఇప్పుడు బెంచీలకు వీపులున్నాయి. పీఠానికి వీపు పెట్టి వెనక్కు తిరిగితే అమర్యాద అంటున్నారు ఫాదర్. నడుమ కూర్చున్న తల్లి బయటికి పోవాలంటే బెంచీ అంతా లేవాలి.

నిన్న ఫాదర్ అప్పం పైకెత్తుతున్న సమయానికి సిసిలి నా ఒడిలోంచి జారి, బెంచీకి తల కొట్టుకుంది. చిన్న బొప్పి కట్టింది, అంతే. కాని దాని ఏడుపు బొంబాయి రోడ్డు దాకా వినపడింది. పూజ చివర ఫాదర్ ప్రకటించారు: వచ్చే ఆదివారం నుంచి అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులు పిల్లలతో సహా వసారాలో కూర్చోవాలట.

బెంచీలు వచ్చిన సంతోషం ఒక్క ఆదివారమైనా నిండలేదు. నువ్వేమంటావు?

నీ అక్క
శరణమ్మ


హైదరాబాద్,
21 జూన్ 1982

అక్కకు,

నువ్వేమంటావని అడిగావు. ఆ ప్రశ్న ఫాదర్‌ను అడగవలసింది.

నిశ్శబ్దమే పవిత్రత అని ఏ శాస్త్రం చెప్పింది? పశువుల పాకలో పుట్టిన శిశువు బొమ్మను పీఠం ముందు పెట్టి మోకరిల్లే మతం, ఊపిరి ఉన్న శిశువును గుమ్మం బయట కూర్చోబెడుతోంది. బొమ్మ ఏడవదు కాబట్టి దానికి లోపల చోటుంది! పిల్లలను అడ్డుకున్న శిష్యులను క్రీస్తు మందలించిన ఘట్టాన్ని పీటర్ మామ నాచేత గుడిలో ఎన్నిసార్లు చదివించాడో ఆయనకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది.

పైగా, వసారాలోకి వెళ్లేది పిల్లలు మాత్రమే కాదు. పిల్లవాడి తండ్రి లోపల బెంచీ మీద కూర్చుంటాడు. తల్లి బయటికి వెళుతుంది. అంటే ఈ ఆజ్ఞ పసిబిడ్డల పేరుతో స్త్రీల మీద వేసిన వేటు. రాజనీతి శాస్త్రంలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను వెలి అనే అంటాను.

ఒడి నుంచి ఒడికి పంపే పాత అలవాటు గురించి రాశావు. అది మంచి జ్ఞాపకమే. కాని జ్ఞాపకం హక్కు కాదు. చాపలున్నప్పుడు మనకు చోటు దయగా దొరికింది. బెంచీ మీద చోటు మనకు న్యాయంగా దొరకాలి. ఈ రెండింటినీ కలిపి గందరగోళం చేసుకోకు.

ఫాదర్ల మీద అధికారం ఉన్న మేత్రాణులకు, బిషప్పు గారికే, అర్జీ పెడదాం. నువ్వు చేయవలసింది ఒక్కటే. పిల్లల తల్లులందరిచేత ఒక తెల్లకాగితం మీద సంతకాలో వేలిముద్రలో వేయించి పంపు. మొదటి సంతకం నీదే ఉండాలి. పైన రాయవలసిన మాటలు నేను రాస్తాను.

మాట మార్చకు, మెత్తబడకు.

మనోరమ


జహీరాబాద్,
8 జూలై 1982

యేసు మరియమ్మ జోజప్పల తోడు.

చెల్లె మనోరమకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. వానలు గట్టిగా పడుతున్నాయి. కోహీర్ వైపు వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి.

వసారా సంగతి చెబుతాను. జల్లు కొట్టినప్పుడల్లా పిల్లలను కొంగుల కింద దాచుకుని గోడకు అంటుకుంటున్నాం. రోడ్డు మీద లారీలు పోతుంటే ప్రసంగం ఒక్క ముక్క వినపడదు. లోపల అందరూ మోకరించారో నిలబడ్డారో కిటికీలోంచి చూసి మేమూ అట్లాగే చేస్తున్నాం. పోయిన ఆదివారం సత్ప్రసాదం మా దాకా రాలేదు. మమ్మల్ని మరిచిపోయి ఫాదర్ పాత్ర లోపల పెట్టి తాళం వేశారు. బసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. గంగమ్మవ్వకు చిన్నపిల్లలెవరూ లేరు, అయినా మాతోపాటే వసారాలో కూర్చుంటుంది. అవ్వ ఏమందో తెలుసా? “బయట నిలబడుడు మనకు కొత్తదా బిడ్డా? పటేలు వాకిట్ల నిలబడ్డం. దేవుని వాకిట్ల గుడ నిలబడుదం.” అని కొంగు విప్పి పిల్లలందరికీ బెల్లం పంచింది.

పీటర్ మామను అడిగాను. గంట తాడు సర్దుకుంటూ నా మొహం చూడలేదు.

“వానకాలం దాటనియ్యి బిడ్డా. కొత్త ఫాదర్ జర నాజూకు మనిషి.”

“వానకాలంలనే కద మామా మేము తడిసేది?”

“ఓయమ్మ! నీ చెల్లె మాటలు నీకెప్పుడు అంటుకున్నయే?” అని తాడు కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాడు.

వేలిముద్రల కాగితం దీనితో పంపుతున్నాను. మొదటి సంతకం నాదే. మీ బావకు చెప్పకుండా చేశాను. ఒక్క మాట: పైన ఏం రాస్తావో పంపేముందు ఒకసారి మాకు చదివి వినిపించమని బసమ్మ అడుగుతోంది. మిగతా వాళ్ల మాట కూడా అదే. చాపల మాట కూడా రాయమంటున్నారు. నీకు వీలైతే ఒక ఆదివారం రా.

సిసిలికి పన్ను వచ్చింది.

నీ అక్క
శరణమ్మ


హైదరాబాద్,
22 జూలై 1982

అక్కకు,

గెలుపు వాకిట్లో ఉన్నాం. అర్జీ మేత్రాసనానికి చేరింది. జవాబు కూడా వచ్చింది. ఆగస్టు పదిహేను ఆదివారం పూజ తర్వాత మేత్రాణుల ప్రతినిధి స్వయంగా జహీరాబాద్ వచ్చి, గుడిలోనే అందరి ముందూ విచారిస్తారు. దేశానికి స్వాతంత్ర్య దినం, మనకు మరియమ్మ మోక్షారోపణ పండుగ. ఆ తల్లిని దేహంతో సహా పరలోకంలోకి చేర్చుకున్న రోజున, బిడ్డతో సహా తల్లిని గుడిలోకి చేర్చుకోవాలా వద్దా అని చర్చ! ఇంతకంటే పదునైన ప్రారంభ వాక్యం నాకు ఏ వక్తృత్వ పోటీలోనూ దొరకలేదు.

బసమ్మకు చెప్పు: అర్జీ చదివి వినిపించేంత వ్యవధి లేకపోయింది, నా మీద నమ్మకం ఉంచమను. ఆఫీసులకు వెళ్లే కాగితంలో మాట బలంగా ఉండాలి. మెత్తని కాగితాన్ని ఎవరూ విప్పి చదవరు.

నువ్వు లేచి చెప్పవలసిన మాటలు వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. కంఠస్థం చెయ్యి. చాపల మాట ఎత్తవద్దు. ఎత్తావంటే బెంచీల మీద మనకు ఇష్టం లేదని అర్థం తీస్తారు. ఎదుటివాడికి మన చేతులతో కత్తి అందించినట్టవుతుంది. ‘బెంచీ మీద, బిడ్డతో’: ఈ రెండు మాటలనూ విడదీయనివ్వకు.

నేను శనివారం రాలేను. అంతర్ కళాశాలల వక్తృత్వ పోటీ తుది పోరు ఉంది. ఆదివారం మొదటి బస్సుకు వస్తాను.

మనోరమ


హైదరాబాద్,
17 ఆగస్టు 1982

శరణమ్మకు,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ జ్ఞాపకం నీకు అనుకూలంగా మారకముందే కాగితం మీద ఉండాలి. ప్రతినిధి గారు “ఇందులో మొదటి సంతకం ఎవరిది?” అని అడిగారు. సిసిలిని చంకనేసుకుని నువ్వు వసారాలోంచి లేచి లోపలికి వచ్చావు. వసారాలోని తల్లులందరూ తలుపు దగ్గర గుమిగూడారు. నువ్వు నా వంక చూడలేదు. పీటర్ మామ వంక చూశావు. చూసి, నేను రాసిచ్చిన మాటల్లో ఒక్కటైనా పలకకుండా ఇలా అన్నావు:

“అయ్యా, బెంచీలు తీసెయ్యున్రి. చాపలు ఎయ్యున్రి. గంతే.”

మగవాళ్లంతా నవ్వారు. ప్రతినిధి గారు కళ్లద్దాలు తుడుచుకుని, “పాస్కా పండక్కి చెల్లెలు బెంచీ కావాలంది. మోక్షారోపణ పండక్కి అక్క వద్దంటోంది. ముందు మీ ఇంట్లో తేల్చుకుని రండమ్మా” అన్నారు. ఆ నవ్వు మళ్లీ లేచింది. నేను లేచి నిలబడ్డాను. నా గొంతు నాకు వినపడలేదు. శనివారం హైదరాబాదులో వందలమంది ముందు బంగారు పతకం గెలిచిన గొంతు అది.

బస్సు ఎక్కబోతుంటే గంగమ్మవ్వ నా చేయి పట్టుకుని చెప్పింది: ముందురోజు సాయంత్రం పీటర్ మామ మీ ఇంటికి వచ్చాడట, చాలాసేపు కూర్చున్నాడట, నువ్వు చాయ్ పోశావట. అంటే నేను ఇక్కడ పోటీ వేదిక మీద ఉన్న గడియలోనే నువ్వు అక్కడ ఎదుటిపక్షంతో ఒప్పందం కుదుర్చుకున్నావు. ఆదివారం పొద్దున నేను బస్సు దిగినప్పుడు నా తల నిమిరావు. అప్పటికే నిర్ణయం అయిపోయింది. ఆ నిమరడాన్ని నేను ఏమనుకోవాలి?

ఓడిపోవడం నాకు కొత్త కాదు. సొంత పక్షం వాళ్లు వెనకనుంచి తోస్తే పడిపోవడం కొత్త.

తాత మంచం దిగాడంటే పటేలు భయం. నిన్ను బెంచీ దిగమని ఎవరు భయపెట్టారు? నీ అంతట నువ్వే దిగావు. నీతోపాటు అందరినీ దింపావు.

మనోరమ


జహీరాబాద్,
29 ఆగస్టు 1982

చెల్లె,

బడి తెలుగు ఇయ్యాల నా చేత కాదు. ఇంట్ల మాట్లాడినట్టే రాస్తున్న.

నువ్వు ఆదివారం ముచ్చట రాసినవ్. దానికి ముందటి ఆదివారం ముచ్చట నీకు ఎర్కలేదు. మేత్రాణుల కాడికెల్లి నీ అర్జీ నకలు ఫాదర్‌కు వచ్చింది. పీటర్ మామతోని గుడిల సదివిచ్చిన్రు. మేం వసారాల కూసుండి కిటికీలకెల్లి ఇన్నం. “శరణమ్మ అను నేను” అని మొదలైంది. నేను ఇన్న మొదటిసారి గదే. నా బిడ్డ తల పలిగి రక్తం కారిందట. నేను స్పృహ తప్పినట. రాత్రింబవళ్లు ఏడ్సుకుంట పాలు ఎండబెట్టుకున్ననట. ఏమే రమా! నా పాలు ఎండినయని గుడి నిండ మొగోళ్ల ముందట సదివిచ్చినవ్?

మీ బావ లోపట బెంచీ మీద ఉన్నడు. ఇంటికొచ్చి ఒక్కటే మాట అడిగిండు: “నేను లారీ మీద పోతే నువ్వు పోరిని గిట్లనే పడేస్తవా?” దుకాణం కాడ గిరిజమ్మ పిలిచి మరీ అడిగింది, పోరి తలకు కుట్లేసిన్రా అని. బొప్పి అని నేనే నీకు రాస్తి. బొప్పి నీకు సాలలే. రక్తం కావాల్సొచ్చింది.

నమ్మకం ఉంచమన్నవ్. ఉంచినం. తెల్లకాగితం మీద ఏలిముద్రలేసి ఇచ్చినం. పటేలు గుడ గట్లనే ఏయించుకుంటుండె.

గప్పుడొచ్చిండు పీటర్ మామ. అవు, చాయ్ పోసిన. మామ వస్తే చాయ్ పొయ్యనా? ఏం కావాల్నో చెప్పు బిడ్డా అన్నడు. నన్ను గా మాట అడిగినోడు ఆయనొక్కడే. చాపలు కావాలంటిని. “నువ్వు లేచి గా ఒక్క మాట అడుగు. రెండు దిక్కుల బెంచీలన్ని తీపిస్త. ఆడోళ్లు మొగోళ్లు అందరు మళ్ల కిందనే కూసుంటరు. పిల్లలు లోపటికొస్తరు” అన్నడు. గందుకే అడిగిన. పొద్దుగాల నీ తల నిమిరిన, అవు. నిన్ను చూసి చెప్దామని నోటిదాక వచ్చింది. నువ్వు బస్సు దిగుతనే “అప్పజెప్పు, ఇంట” అన్నవ్. బడి పిల్లను అడిగినట్టు. చెప్పలే.

ఇంకొకటి. నువ్వు నేల అని చీదరిచ్చుకునే గా చాపల మీద నువ్వెట్ల బతికినవో ఎర్కేనా? అమ్మ పోయేటాల్లకు నువ్వు పాలు తాగే పిల్లవు. నేను చిన్న పోరిని. ఆదివారం నిన్ను ఎత్తుకుని గుడికి పోతుంటి. నువ్వు ఏడుస్తే ఒడి నుంచి ఒడికి పంపుతుండిరి. ఏ ఒడిల పాలుంటే గాడ ఆగుతుంటివి. బసమ్మ వాళ్లమ్మ తాపింది. ఇంకెవలెవలు తాపిన్రో లెక్కలే. గా ఒడులు గిప్పుడు వసారాల తడుస్తున్నయి.

అక్కా అనకున్నా ఫికర్ లేదు.

శరణమ్మ


హైదరాబాద్,
6 సెప్టెంబరు 1982

శరణమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి పేరా వాదం కాదు. పాలు తాగిన పిల్లను ఆ పాల పేరు చెప్పి నోరు మూయించడం. ఆ తల్లులకు నేను రుణపడి ఉన్నాను. అందుకే వాళ్లకు బెంచీ కావాలన్నాను. పాలిచ్చినవాళ్లు నేలమీదే ఉండాలని ఏ రుణం చెబుతుంది?

రక్తం గురించి: అవును, రాశాను. బొప్పి అని రాస్తే ఆ ప్రతినిధి మన ఊరి పొలిమేర కూడా తొక్కేవాడు కాదు. కాని నన్ను పటేలుతో పోల్చావు. ఆ ఒక్క వాక్యాన్ని నేను మరిచిపోను.

ఇప్పుడు నా మాట రాసి పెట్టుకో. పీటర్ మామ నీకు రెండు పక్కలా బెంచీలు తీయిస్తానన్నాడు. తీయించడు. నువ్వు నేల అడిగావు; నేల ఇస్తారు, అడిగినవాళ్లకు మాత్రమే. మగవాళ్లు బెంచీలు దిగరు. నేను పొరబడితే రాయి. నా పతకం తీసుకెళ్లి సిసిలి ఆడుకోవడానికి ఇస్తాను.

మనోరమ


జహీరాబాద్,
11 అక్టోబరు 1982

యేసు మరియమ్మ జోజప్పల తోడు.

చెల్లె మనోరమకు,

పతకం నీ దగ్గరే ఉంచుకో. నువ్వు చెప్పినట్టే జరిగింది.

పోయిన నెలాఖరు శనివారం బెంచీలు జరిపారు. మన పక్కవన్నీ తీసి మగవాళ్ల పక్క వేశారు. వాళ్లు ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. మన పక్క పాత చాపలు పరిచారు. ఫాదర్ “మీరు కోరినదే జరిగింది” అని ప్రకటించారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. మోసపోయానని అందరి ముందు తెలిసిపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకు మొన్న ఎట్లా ఉండిందో అప్పుడు అర్థమైంది.

పూజ అయ్యాక పీటర్ మామను గంట కింద పట్టుకున్నాను.

“రెండు దిక్కుల తీపిస్తనంటివి కద మామా?”

“నేనన్న బిడ్డా. ఫాదర్‌తోని గుడ అన్న. మొగోళ్లు ఒప్పుకోలే. మోకాళ్ల నొప్పులంటున్నరు.”

“మాకు మోకాళ్లు లెవ్వా?”

“నువ్వే అడిగితివి కదనే చాపలు...”

“నువ్వు అడుగుమంటే అడిగిన. నా చెల్లె ఇజ్జత్ తీసిన నీ మాట పట్టుకుని. ఆ పొద్దు నువ్వు గుడ నవ్వినవ్ మామా. నేను చూసిన.”

మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

నీకు వెంటనే రాద్దామనుకున్నాను. రాస్తే ‘నేను చెప్పలేదా’ అంటావు. ఆ మాట వినే ఓపిక లేక, ముందు ఏదన్నా చేసి తరువాత రాద్దామని ఆగాను.

నిన్న ఆదివారం చేశాను.

పిల్లలు లోపలికి వచ్చారు కదా, ఏడుపులు కూడా వచ్చాయి. ప్రసంగం మొదలుకాగానే సిసిలి అందుకుంది. నేను వెనక బసమ్మ ఒడిలో పెట్టలేదు. పక్కన గిరిజమ్మకు ఇచ్చి “అటు దిక్కు పంపు” అన్నాను. గిరిజమ్మకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఒడి నుంచి ఒడికి సిసిలి నడిమి దారి దాకా పోయింది. అక్కడ మన చాపలు అయిపోతాయి, మగవాళ్ల బెంచీ మొదలవుతుంది. ఆ చివర కూర్చున్నది పీటర్ మామే. దారి పక్కనున్న గంగమ్మవ్వ లేచి, పిల్లను మామ ఒడిలో కూర్చోబెట్టి, మామ వేలికి బెల్లం రాసి వచ్చి తన చోట కూర్చుంది.

మామ దిక్కులు చూశాడు. “ఏందే ఇది?” అని గుసగుసగా అన్నాడు. “బెల్లం నాకిచ్చు. ఏడుపు ఆపుతది” అంది అవ్వ. ఆమె గుసగుస నీకు తెలుసు కదా, పీఠం దాకా వినపడుతుంది.

అంతలో బసమ్మ తన కొడుకును పంపింది. తరువాత ఇంకొకామె, ఆ తరువాత ఇంకొకామె. అన్ని ఏడుపులూ దారి దాటాయి. కొత్త చేతులు చూసి పిల్లలు ఇంకా గట్టిగా అందుకున్నారు. బెంచీ మీద మగవాళ్లు ఒకరికొకరు అందించుకున్నారు. ఎవరికీ పట్టుకోవడం రాదు. మీ బావ మాత్రం బసమ్మ కొడుకును భుజానికేసుకుని వీపు తట్టాడు. ఫాదర్ ప్రసంగం ఆపి చూశారు. ఇటు ఆడవాళ్లందరం తల ఎత్తి, చేతులు జోడించి, ఆయన మాట వింటున్నాం. అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు.

తరువాత మామ లేచి విశ్వాసుల ప్రార్థన చదవాలి. సిసిలి ఆయన తెల్ల పంచె మీద పోసేసింది. అట్లాగే లేచి, అట్లాగే పోయి చదివాడు.

పూజ తరువాత ఫాదర్ పిలిచి “ఏమిటమ్మా ఈ అల్లరి?” అన్నారు. “అల్లరి కాదు ఫాదర్. మా మోకాళ్లు నేలమీద ఉన్నయి, వాళ్ల ఒడులు ఖాళీగ ఉన్నయి” అన్నాను. వచ్చే ఆదివారం కూడా ఇట్లాగే చేస్తామని చెప్పాను. ఆలోచించి చెబుతానన్నారు. వసారా మాట మళ్లీ ఎత్తుతారేమో తెలియదు.

చెల్లె, అర్జీలో నువ్వు రాసిన మాటలకు నా మనసు ఇంకా మండుతూనే ఉంది. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు కూడా మండుతోంది. రెండూ చల్లారలేదు. అయినా రాశాను.

నీ అక్క
శరణమ్మ


హైదరాబాద్,
14 అక్టోబరు 1982

అక్కకు,

క్షమించానని అనుకోకు. ఆ నవ్వు రాత్రిళ్లు ఇంకా వినపడుతోంది. నా పేరుతో నిన్ను పిలిచి నవ్వినట్టు, నీ పేరుతో నన్ను పిలిచి నవ్వినట్టు, రెండు రకాలుగా వినపడుతోంది. నువ్వు కూడా నన్ను క్షమించలేదు. ఈ లెక్క సమంగానే ఉండనీ.

నేను చెప్పలేదా అని అనడం లేదు. అనాలని ఉంది. అనడం లేదు.

అయితే ఒక్క అంశం మీద నిన్ను ఖండించక తప్పదు. ఒడి నుంచి ఒడికి వెళ్లడానికి చాపలే కావాలన్నావు. నిన్నగాక మొన్న పిల్లలు బెంచీ మీద కూడా చేతులు మారారు. దానికి రుజువు నీ ఉత్తరమే. కాబట్టి అడ్డం వచ్చింది బెంచీ కాదు. అందుకునే ఇష్టం లేని ఒడులు. ఈ మాట నాకు జూన్‌లోనే తట్టవలసింది. తట్టలేదు. నీకూ తట్టలేదు. సిసిలి పోసేదాకా మామకూ తట్టలేదు.

ఈ ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఉపన్యాసం రాయలేదు. ఎవరికీ ఏమీ కంఠస్థం చేయించను.

నేను మన పక్క చాప మీద కూర్చోను. నడిమి దారి దాటి వెళ్లి మగవాళ్ల బెంచీ మీద, పీటర్ మామను జరగమని ఆ చివరనే కూర్చుంటాను. లెమ్మంటే లేవను. ఎవరు నవ్వినా లేవను. నువ్వు నా వంక చూడనవసరం లేదు.

సిసిలి ఏడిస్తే మాత్రం ఎప్పటిలాగే పంపు. మొదటి ఒడి నాదే ఉంటుంది.

మనోరమ